లేకుండాపోయిన రాకాసిగుట్ట జాడ పట్టిన వైనం

ఆమదాలవలస దగ్గర దన్నానపేటలో ఉన్న పెద్ద బండ గురించి మా శ్రీకాకుళం జిల్లాలో చాలామందికి తెలుసు. ఇనుపయుగం నాటి సమాధి మీద మూతగా పెట్టిన రాయి అది. 36 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, 2 అడుగుల మందం. ఇన్ని వేల ఏళ్లుగా అది అక్కడే ఉండడానికి నాకు కనిపించే కారణం ఒక్కటే: దాన్ని కదపడం ఎవరి వల్లా కాలేదు. అదే కాలంలో కట్టిన చిన్న సమాధులకి ఆ అదృష్టం దక్కలేదు. ట్రాక్టర్ ట్రక్కులో పట్టే రాయి ఏదో ఒకరోజు ట్రాక్టరెక్కి వెళ్లిపోతుంది.

మా అమ్మమ్మగారి ఊళ్లో అలా వెళ్లిపోయిన గుట్ట ఒకటుంది. ఊరికి పడమరగా, కొండ వాలు మొదలయ్యే చోట మెట్టభూమిలో ఉండేది. ఊళ్లోవాళ్లు రాకాసిగుట్ట అనేవారు. ఇప్పుడక్కడ గోగు చేను. చేను మధ్య నిలబడితే చుట్టూ ఏ గుర్తూ కనిపించదు. అది నిజంగా సమాధేనా, ఎక్కడుండేది, ఎంత ఉండేది, ఎప్పుడు పోయింది అన్నవి కాగితం మీదికి తేవాలని పట్టుబట్టి తిరిగాను. మీ ఊళ్లో కూడా ఇలాంటిది ఉండి ఉంటే పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

ముందు ఆ గుట్ట అసలేంటో చెప్పాలి. దక్షిణ భారతంలో ఇనుము వాడకం మొదలైన కాలంలో, సుమారు క్రీస్తుపూర్వం 1200 నుంచి 300 దాకా, చనిపోయినవాళ్లకి పెద్ద పెద్ద రాళ్లతో సమాధులు కట్టేవారు. దాన్నే బృహత్ శిలాయుగం అంటారు. ఒక్కోచోట ఒక్కో తీరు. కొన్నిచోట్ల నాలుగు బండలు నిలబెట్టి పైన మూత పరిచేవారు. కొన్నిచోట్ల గుంటలో రాతిపలకలతో పెట్టెలాగా కట్టేవారు. ఇంకొన్నిచోట్ల గుంట పూడ్చి, దాని చుట్టూ పెద్ద గుండ్లు వలయంగా పేర్చి, లోపల చిన్నరాళ్లు కుప్పపోసేవారు. మా ఊరిది ఈ చివరి రకం. చాలాసార్లు శవాన్ని నేరుగా పాతిపెట్టేవారు కాదు. కొన్నాళ్లు బయట ఉంచి, మిగిలిన ఎముకలు ఏరి, కుండలతో, ఇనుప పనిముట్లతో, ఒక్కోసారి పూసలతో కలిపి పెట్టేవారు. అంటే ఒక మనిషి కోసం ఊరంతా కలిసి మోసిన రాళ్లవి. ఆ సంగతి తెలిశాక ఆ గుట్టని ఉత్త రాళ్లకుప్పలా చూడడం నావల్ల కాలేదు.

చిక్కేమిటంటే, మెట్టభూముల్లో రాళ్లకుప్ప లేని ఊరుండదు. దున్నేటప్పుడు నాగలికి అడ్డమొచ్చిన రాయినల్లా ఏరి ఒక మూల పోస్తారు. కాబట్టి "ఒకప్పుడు ఇక్కడ రాళ్లకుప్ప ఉండేది" అంటే ఏ అధికారీ లేచి కూర్చోడు, కూర్చోవాల్సిన పనీ లేదు. అది సమాధి అని చెప్పాలంటే వలయం ఉండేదని తేలాలి, కుండపెంకులు కనబడాలి. శ్రీకాకుళంలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన ఒక మాస్టారు నాకు మొదట్లోనే ఈ మాట చెప్పారు. ఇంకోటి కూడా గట్టిగా చెప్పారు: "ఏం చేసినా తవ్వొద్దు. గడ్డపార పట్టుకున్నావంటే ఉన్న సాక్ష్యం కూడా పోతుంది."

మొదట ఊళ్లో పెద్దవాళ్లని అడగడంతో మొదలుపెట్టాను. మావయ్య అరుగు మీద కూర్చుని నవ్వాడు.

"రాకాసిగుట్టా? అదెప్పుడో పోనాది కదమ్మా!"

"ఎప్పుడు పోయింది మావయ్యా?"

"తుఫానుకి ముందే."

"ఏ తుఫాను? హుద్‌హుదా, తిత్లీయా?"

కాసేపు ఆలోచించాడు. "హుద్‌హుద్‌కి ఉన్నాది. గుట్ట పక్కన తాటిచెట్టు దాని మీదే పడిపోనాది, నానే కొట్టించినాను. తిత్లీ వచ్చీసరికి చదునైపోనాది."

మా వైపు ఎవరినైనా ఏదైనా సంగతి ఎప్పుడు జరిగిందని అడిగితే సంవత్సరం చెప్పరు, తుఫాను చెబుతారు. హుద్‌హుద్ 2014 అక్టోబరులో వచ్చింది, తిత్లీ 2018 అక్టోబరులో. గుట్ట పోయింది ఆ నాలుగేళ్ల మధ్యలో అని అరుగు మీదే తేలిపోయింది. తర్వాత చూసిన ఏ రికార్డూ ఇంత తేలిగ్గా తేల్చలేదు.

పక్కింటి అమ్మమ్మ ఇంకా వెనక్కి వెళ్లింది. "మా సిన్నప్పుడు పొద్దుగూకితే అటుకేసి ఎవులూ ఎల్లీవోళ్లం కాం. పాండవులు వంట సేసుకున్న చోటని కొందరు, రాకాసోళ్ల ఇల్లని కొందరు సెప్పీవోరు. మేకలు తోలుకెల్లినప్పుడు పెద్దరాళ్ల మీద కూకునీవోళ్లం. ఆ పెద్దరాళ్లు గుండ్రంగుండీవి, మద్దిలో సిన్నరాళ్లు." ఆ ఆఖరి మాట వినగానే నా చేతిలో పెన్ను ఆగిపోయింది. నేను ఆమెని వలయం గురించి అడగలేదు. ఆమె అంతట ఆమే చెప్పింది. ఇలాంటి చోట మనం ముందే "గుండ్రంగా ఉండేదా?" అని అడిగితే, మన మీద ప్రేమకొద్దీ అవునంటారు. అందుకే ఎవర్ని అడిగినా "అదెలా ఉండేదో చెప్పండి" అని మాత్రమే అడిగి ఊరుకున్నాను. చెప్పినవి చెప్పినట్టు, వాళ్ల యాసలోనే రాసుకున్నాను. ఎవరు చెప్పారో, వాళ్లకప్పుడు ఎంత వయసో కూడా పక్కనే రాసుకున్నాను.

రాళ్లు ఏమయ్యాయన్నది తర్వాతి ప్రశ్న. క్రషర్‌కి పోయి ఉంటాయనుకున్నాను. నిజానికి ఎక్కువభాగం ఊళ్లోనే ఉన్నాయి. చేను కౌలుకి చేసే అన్న నన్ను వెంటబెట్టుకుని తిప్పాడు. చిన్నరాళ్లు కొన్ని కొత్త ఇళ్ల పునాదుల్లో పడ్డాయి, కొన్ని చేనికి వెళ్లే బాటలో గుంతలు పూడ్చడానికి వేశారు. పెద్ద గుండ్లు కొన్ని చెరువు గట్టు కోతకి గురైన చోట అడ్డంగా పేర్చారు. ఒక పలకబండ బోరింగు దగ్గర బట్టలుతికే రాయి అయింది.

చెరువు గట్టు దగ్గర చాలాసేపు ఉండిపోయాను. మామూలుగా క్వారీ నుంచి వచ్చిన రాయి ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. పగలగొట్టిన అంచు వెంట మేకులు దిగ్గొట్టిన గుంతలు వరసగా ఉంటాయి, లేదా డ్రిల్లు వేసిన సగం గొట్టం గుర్తుంటుంది. ఈ గుండ్లకి అవేమీ లేవు. అన్నివైపులా ఎండకీ వానకీ నునుపు తేలినవే. ఇంకా దగ్గరగా చూస్తే ఒక్కో గుండూ రెండు రంగుల్లో ఉంది. ఒక సగం నల్లబడి, దాని మీద బూడిదరంగు, లేత ఆకుపచ్చ మచ్చల్లా రాతిపాచి పట్టి ఉంది. ఇంకో సగం మీద పాచి లేదు, ఎర్రమట్టి మరక రాతిలోకి ఇంకిపోయి ఉంది. రెంటి మధ్యా గీత గీసినట్టు హద్దు. నీళ్లలో తడిసిన వేలితో రుద్దినా ఆ ఎరుపు రాలేదు. అంటే ఆ గుండు చాలాకాలం సగం భూమిలో, సగం బయట నిలబడి ఉందన్నమాట. చేలో ఏరి విసిరేసిన రాయి అలా ఉండదు, అది కుప్పలో ఎలా పడితే అలా పడుంటుంది. గట్టు మీద పక్కపక్కనే ఉన్న గుండ్లన్నిటికీ ఇదే హద్దు కనబడింది. అమ్మమ్మ చెప్పిన "గుండ్రంగుండీవి" అన్న మాటకి రాళ్లు ఇచ్చిన సాక్ష్యం అది. ప్రతి గుండు పక్కనా పిల్లల స్కేలు పెట్టి ఫొటో తీశాను, హద్దు గీత దాకా కింది భాగం ఎంత, పైభాగం ఎంత టేపుతో కొలిచి రాశాను.

బోరింగు దగ్గరి పలకని కొలవడం మాత్రం సాయంత్రం దాకా కుదరలేదు. దాని మీద ఎప్పుడూ ఎవరో ఒకరు బట్టలు ఉతుకుతూనే ఉన్నారు.

కాగితాల సంగతికొస్తే, అంత ఓపిక ఉండాలి గానీ దొరకనివి కావు. మా ప్రాంతం ఒకప్పుడు జమీందారీ ఎస్టేటు. 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాక సర్వే, సెటిల్‌మెంటు జరిగాయి. అప్పటి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, అంటే ఏ సర్వే నంబరులో ఏముందో రాసిన రికార్డు, ఇప్పటికీ భూమి తగాదాల్లో ఆధారంగా చూపిస్తారు. అందులో ఆ సర్వే నంబరుకి ఎదురుగా రిమార్కుల్లో "రాళ్లగుట్ట" అని రాసి ఉంది. నాలుగక్షరాల గుర్తింపే గానీ నాకది చాలా పెద్ద ఊరట, ఎందుకంటే ట్రాక్టర్లూ జేసీబీలూ మా ఊరు రాకముందే అది అక్కడుందని దాంతో రూఢి అయింది. చేను హద్దులు కొలతలతో గీసిన సర్వే పటం, ఎఫ్‌ఎంబీ అంటారు, దాని నకలు కూడా తీసుకున్నాను. కొలతలు లింకుల్లో ఉన్నాయి. వంద లింకులు ఒక గొలుసు, గొలుసంటే 66 అడుగులు. అది తెలిస్తే మిగతాది లెక్కే. గ్రామ సచివాలయంలో సర్వేయర్ ఒక కుర్రాడు ఆసక్తిగా కూర్చుని హద్దు రాయి నుంచి గుట్ట ఎంత దూరంలో ఉండి ఉంటుందో నాతో కలిసి గీసి చూశాడు.

కొండలూ వాగులూ ఎత్తులతో చూపించే సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల మ్యాపు, టోపోషీటు, దించుకున్నాను గానీ పెద్దగా ఉపయోగపడలేదు. 1:50,000 మ్యాపులో ఎత్తు గీతలు 20 మీటర్లకొకటి ఉంటాయి. మనిషి ఎత్తు గుట్ట అందులో ఎక్కడ కనబడుతుంది? 1882లో రాబర్ట్ సెవెల్ అచ్చువేయించిన మద్రాసు ప్రెసిడెన్సీ పురావస్తువుల జాబితా కూడా చూశాను. అప్పుడు మా ప్రాంతం గంజాం జిల్లాలో ఉండేది. మా ఊరి పేరు అందులో లేదు. దానికి నేనేమీ దిగులుపడలేదు. సాలిహుండం బౌద్ధ శిథిలాలనే 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తించాల్సి వచ్చింది. వంశధార ఒడ్డున కొండ మీద ఉన్న అంత పెద్ద క్షేత్రానికే ఒక మనిషి వెళ్లి చూసి చెప్పాల్సొచ్చిందంటే, మెట్టచేలో గుట్టని ఎవరు రాస్తారు?

బాగా పనికొచ్చింది గూగుల్ ఎర్త్. కంప్యూటర్లో దాన్ని తెరిస్తే పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు వెనక్కి జరుపుతూ చూడొచ్చు. మావయ్య చెప్పిన రెండు తుఫాన్లకి అటూ ఇటూ వెతికాను. హుద్‌హుద్‌కి ముందు తీసిన చిత్రంలో చేను మూల లేతరంగు గుండ్రటి మచ్చ, దాని పక్కన చిన్న నల్లటి నీడ ఉన్నాయి. ఆ నీడ తాటిచెట్టుది. తిత్లీ తర్వాతి చిత్రంలో రెండూ లేవు, సాళ్లు మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకి తిన్నగా ఉన్నాయి. మచ్చ అడ్డం కొలిస్తే సుమారు 12 మీటర్లొచ్చింది. ఫోన్లో చూపిస్తే మావయ్య కళ్లజోడు పెట్టుకుని చూసి, "అదిగో నా తాటిచెట్టు!" అన్నాడు. గుట్ట కన్నా చెట్టే ఆయనకి ముందు కనబడింది.

ఆ చిత్రం నుంచి అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, దుక్కి దున్ని ఒక వాన పడ్డాక చేలోకి వెళ్లాం. వాన పడితే మట్టి కడుక్కుపోయి పెంకులు పైకి తేలతాయని మాస్టారు చెప్పారు. అలాగే తేలాయి. చేను మిగతా భాగంలో గులకరాళ్లు తప్ప ఏమీ లేవు. ఆ మూలకి వచ్చేసరికి మట్టి రంగు కాస్త మారింది, బూడిద కలిసినట్టుంది. అక్కడక్కడా గోరంత, బొటనవేలంత కుండపెంకులు. ఒకదాన్ని నీళ్ల సీసాతో కడిగితే బయటివైపు ఇటుక ఎరుపు, లోపలివైపు నిగనిగలాడే నలుపు. విరిగిన అంచులో ఆ రెండు రంగులూ ఒకదాన్నొకటి కలుసుకున్న చోటు స్పష్టంగా కనిపించింది. ఇనుపయుగం సమాధుల్లో దొరికే నలుపు ఎరుపు పాత్రలంటే ఇవే. కుండని బోర్లించి, లోపల గాలాడకుండా కాలిస్తే మూతీ లోపలి భాగం నల్లబడతాయి, మంట తగిలిన బయటి భాగం ఎర్రబడుతుంది. ఊళ్లో కుమ్మరి తాతకి చూపించాను. అటూ ఇటూ తిప్పి, వేలితో మీటి, "మట్టి బాగా జల్లించినారు. ఇప్పుడింత పల్చగా ఎవులు సేత్తారమ్మా" అన్నాడు.

ఈ పాత్రలు ఇనుపయుగం తర్వాత కూడా కొంతకాలం వాడుకలో ఉన్నాయి కాబట్టి పెంకులొక్కటే చూసి సమాధి అనకూడదు. సగం పాతిన గుండ్లు, అమ్మమ్మ చెప్పిన వలయం, ఉపగ్రహ చిత్రంలో గుండ్రటి మచ్చ, ఇవన్నీ ఒకే చోటికి చేరాయి కాబట్టే ధైర్యంగా రాయగలిగాను. పెంకులకి ఫొటోలు తీసి, దొరికిన చోట ఫోన్లో గుర్తు పెట్టుకుని, వాటిని అక్కడే వదిలేశాను. ఇంటికి తెచ్చుకుంటే అవి పెంకులుగా మిగులుతాయి, ఆ చోటికి సాక్ష్యంగా మిగలవు.

అన్నిటికన్నా కష్టమైంది కౌలు చేసే అన్న భయం. ఫొటోలు తీసేదాకా ఉత్సాహంగా తిరిగినవాడు, అర్జీ అనగానే మొహం మార్చేశాడు. "ఆర్కియాలజీ అంటే భూమి లాగేసుకుంటారు కదమ్మా? చుట్టూ ఏమీ కట్టనివ్వరంట." ఆ భయంలో అర్థముంది. కేంద్రం రక్షిత కట్టడంగా ప్రకటించిన చోట చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన 200 మీటర్లు అనుమతులు కావలసిన ప్రాంతం. 2010లో చట్టం మార్చి గట్టి చేశారు. కానీ అది ప్రకటించిన కట్టడాలకి వర్తించేది. కట్టడమే మిగలని చేను రికార్డులోకెక్కినంత మాత్రాన దానికి ఆ హద్దులు రావు. ఇదంతా చెప్పాను. గుట్ట తీయించింది అన్నా కాదు, భూమి యజమానీ చెడుబుద్ధితో చేయలేదు. పంట పండని మూలని సాగులోకి తెచ్చుకున్నారు, అంతే. అది ఏంటో ఒక్కరైనా వచ్చి చెప్పి ఉంటే బతికేదని నా నమ్మకం. గుప్తనిధుల కోసం తవ్వేవాళ్ల గురించి పేపర్లలో రాస్తారు గానీ, ఇలాంటివి ఎక్కువగా పోయేది ఎవరూ చెప్పకపోవడం వల్ల, చదును చేసే పనుల్లోనే.

నిధి మాట కూడా వచ్చింది. "ఏదైనా దొరికితే?" అని గుసగుసగా అడిగాడు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా ఉందని, భూమిలో దొరికింది పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కి రాసి తెలపాలని చెప్పాను. ఈ సమాధుల్లో బంగారం కోసం వెతికినవాళ్లకి దొరికేవి ఎముకలూ తుప్పుపట్టిన ఇనుమూ అని కూడా చెప్పాను. భూమి యజమానితో మావయ్య మాట్లాడి ఒప్పించాడు. వాళ్లిద్దరూ సరేనన్నాకే అర్జీ రాశాను. వాళ్లకి ఇష్టం లేకుండా పెట్టి ఉంటే, రేపు ఇంకో చేలో ఏదైనా బయటపడినా నాకు ఎవరూ చెప్పరు.

అర్జీ కలెక్టరేట్‌లో సోమవారం ఇచ్చాను, ఒక నకలు పురావస్తు శాఖకి పంపాను. ఊరు, సర్వే నంబరు, అక్షాంశ రేఖాంశాలు, పెద్దవాళ్లు చెప్పిన మాటలు, అడంగల్ నకలు, రెండు ఉపగ్రహ చిత్రాలు, రాళ్ల ఫొటోలు కొలతలతో, పెంకుల ఫొటోలు. "రక్షించండి" అని రాయలేదు. రక్షించడానికి అక్కడ గుట్ట లేదు. "ఈ చోటుని పరిశీలించి రికార్డులో నమోదు చేయండి" అని రాశాను. అడిగింది చేయగలిగేలా ఉంటే ఫైలు కదులుతుందని మాస్టారి అనుభవం. అదే జరిగింది. శాఖ నుంచి ఒకాయన వచ్చి చేను, చెరువు గట్టు రెండూ చూసి, నా చిత్రాలతో సరిచూసుకున్నారు. గట్టు మీది గుండ్ల దగ్గర ఆయన కూడా చాలాసేపు ఆగారు. లేకుండాపోయిన స్థలంగా ఊరి పేరుతో నమోదుకి రాస్తానని చెప్పారు.

వెళ్లేముందు కొండవైపు చూస్తూ ఇంకో మాటన్నారు. ఇలాంటి సమాధులు ఒంటరిగా ఉండడం అరుదట, ఒకటుంటే చుట్టుపక్కల ఇంకొన్ని ఉంటాయట. అప్పుడు అన్న నోరు విప్పాడు. "పైన జీడితోటలో గుండ్రంగా రాళ్లున్నాయి సార్. అవి ఎవులూ కదపనేదు." వెంటనే ఎక్కాం. తుప్పల మధ్య రెండు వలయాలు. ఒకదానికి రెండు మూడు గుండ్లు దొర్లిపోయాయి, రెండోది చెక్కుచెదరలేదు. మధ్యలో చిన్నరాళ్ల కుప్ప మోకాలెత్తున ఇంకా ఉంది.

ఆ తోట సర్వే నంబరు రాసుకున్నాం. యజమాని విశాఖలో ఉంటారు. మావయ్య ఆయనకి ఫోన్ చేసి, తోట చదును చేయించే ఆలోచన ఏదైనా ఉంటే ముందు మాకో మాట చెప్పమని అడిగాడు. జీడిపిక్కలు ఏరే రోజుల్లో ఊరికొస్తానని, అప్పుడు కూర్చుని మాట్లాడదామని ఆయన అన్నారు. రెండో అర్జీ రాసి పెట్టుకున్నాను, ఆయన సరేననడమే తరువాయి.